ఓవర్‌టైం గీత జరిగినపుడు సంఘం చేయవలసిన ఏర్పాట్లు

(యాజమాన్య పాఠం: అధ్యక్షులు, పాలకవర్గ సభ్యులు, కార్యదర్శులు చదివి సభ్యులకు వినిపించవలసినది)



చలికాలంలో పాలు ఎక్కువగా వచ్చే రోజులు మీకు తెలిసినవే. సాయంత్రం పాలు పోసి మనం ఇళ్ళకు చేరుకుంటాము. శీతల కేంద్రంలో సూపర్‌వైజరు మాత్రం ట్యాంకరు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాడు. కరెంటు పోతే జనరేటరు దగ్గరికి పరుగెత్తేదీ అతడే. పాలు విరిగితే సంజాయిషీ చెప్పవలసిందీ అతడే. రాత్రి తొమ్మిదికో పదికో ఇల్లు చేరుకొని, తెల్లవారుజామున మళ్ళీ క్యాన్ల దగ్గర నిలబడతాడు.

ఆ అదనపు గంటలకు వేతనం ఇవ్వాలా అనే ప్రశ్న పాలకవర్గంలో వచ్చినపుడు సాధారణంగా వినబడే జవాబు ఒకటి ఉన్నది: "సూపర్‌వైజరుకు ఓవర్‌టైం ఏమిటండీ? అది కూలీలకు గదా!" ఈ జవాబు కొందరి విషయంలో సరైనదే. చాలామంది విషయంలో తప్పు. ఎవరి విషయంలో సరైనదో తేల్చేందుకు చట్టం రెండు ప్రశ్నలు అడుగుతుంది. అతడు నిజంగా చేసే పని ఏమిటి? అతని వేతనం చట్టం గీసిన గీతకు పైన ఉన్నదా, క్రింద ఉన్నదా?

ఈ రెండవ గీత స్థిరంగా ఉండదు. ఇప్పటికి చాలాసార్లు జరిగింది, ఇకముందు కూడా జరుగుతుంది. అది జరిగిన మరునాడు కంగారుపడకుండా ముందుగానే ఏమేమి సిద్ధం చేసుకోవాలో ఈ పాఠంలో తెలుసుకుందాము.

గీత కథ

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం రోజుకు 9 గంటలు గాని, వారానికి 48 గంటలు గాని దాటి పనిచేసిన కార్మికునికి రెట్టింపు వేతనం ఇవ్వాలి. అయితే పర్యవేక్షణ, యాజమాన్య బాధ్యతలలో ఉన్నవారిని పనిగంటల నియమాల నుండి మినహాయించే అధికారం 64వ సెక్షను ద్వారా రాష్ట్ర ప్రభుత్వాలకు ఉండేది. ఆ మినహాయింపుకు ఒక షరతు ఉన్నది. మినహాయింపు పొందిన వ్యక్తి వేతనం ఒక పరిమితికి మించకపోతే, అతనికి ఓవర్‌టైం ఇవ్వవలసిందే. 1987 సవరణతో ఆ పరిమితిని వేతనాల చెల్లింపు చట్టంలోని పరిమితితో ముడిపెట్టారు. అక్కడ గీత జరిగితే ఇక్కడా జరుగుతుంది.

అది జరిగిన తీరు చూడండి. 1982లో నెలకు 1,600 రూపాయలు. 2005లో 6,500. 2007లో 10,000. 2012లో 18,000. 2017 ఆగస్టులో 24,000. నెలకు 20,000 తీసుకొనే డెయిరీ ఫ్యాక్టరీ సూపర్‌వైజరు 2017 జూలైలో గీతకు పైన ఉన్నాడు. సెప్టెంబరు వచ్చేసరికి గీతకు క్రింద ఉన్నాడు. అతని పని మారలేదు, జీతం మారలేదు. గీత మారింది, దానితోపాటు యాజమాన్యం బాధ్యత మారింది. ఆ నెల జీతాల పట్టీ మామూలుగానే వేసుకున్న చోట బకాయి మొదలైనట్లే.

ఇప్పటి పరిస్థితి

2025 నవంబరు 21 నుండి నాలుగు కార్మిక కోడ్‌లు దేశమంతటా అమలులోకి వచ్చాయి. 29 పాత కేంద్ర చట్టాల స్థానంలో ఇవి వచ్చాయి. ఫ్యాక్టరీల చట్టం, వేతనాల చెల్లింపు చట్టం, కనీస వేతనాల చట్టం మూడూ వాటిలో కలిసిపోయాయి. ఓవర్‌టైం విషయంలో మనకు ముఖ్యమైనవి రెండు.

మొదటిది, 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్. ఇది సాధారణంగా పదిమంది, అంతకు పైబడి పనిచేసే సంస్థలకు వర్తిస్తుంది. దీని ప్రకారం రోజు పని 8 గంటలు. అదనపు గంటలకు రెట్టింపు వేతనం ఇవ్వాలి. పైగా కార్మికుని సమ్మతి లేకుండా అదనపు పని చేయించరాదు. యాజమాన్య, పరిపాలనా హోదాలో ఉన్నవారు ఇందులో 'కార్మికులు' కారు. పర్యవేక్షణ పనిలో ఉండి నెలకు 18,000 రూపాయలకు మించి వేతనం పొందేవారు కూడా కారు. ఈ 18,000ను కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషనుతో మార్చవచ్చునని కోడ్‌లోనే వ్రాసి ఉన్నది. అంటే పార్లమెంటులో కొత్త చట్టం వచ్చేదాకా ఆగనక్కరలేదు, గెజిట్‌లో ఒక ప్రకటన చాలు.

రెండవది, 2019 నాటి వేతనాల కోడ్. ఇది ఇద్దరు ముగ్గురు పనిచేసే చిన్న సంస్థకు కూడా వర్తిస్తుంది. కనీస వేతనం నిర్ణయమైన ఉద్యోగి మామూలు పనిదినానికి మించి పనిచేస్తే రెట్టింపుకు తగ్గకుండా ఇవ్వాలని దీని 14వ సెక్షను చెబుతుంది. ఆ సెక్షను వాడిన మాట 'ఉద్యోగి'. ఆ మాటలో సూపర్‌వైజర్లు, మేనేజర్లు కూడా చేరతారు, రూపాయల గీత లేదు. కాబట్టి "18,000 దాటింది, ఇక మనకు బాధ్యత లేదు" అని ఒక్క గీతనే నమ్ముకొని కూర్చోవటం క్షేమం కాదు.

నగరంలో ఒక ఉదాహరణ

హైదరాబాదులో విద్యానగర్ ప్రక్కనే ఆజమాబాద్ పారిశ్రామిక వాడ ఉన్నది. అక్కడినుండి కొద్ది దూరం నడిస్తే చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ దుకాణాలు, ఆఫీసులు వస్తాయి. మైలు దూరంలోనే చట్టం మారిపోతుంది. ఆజమాబాద్ ఫ్యాక్టరీకి ఫ్యాక్టరీల నియమాలు. చిక్కడపల్లి ఆఫీసుకు 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం. ఇది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చి తెలంగాణలోనూ కొనసాగిన చట్టం. ఇందులో కూడా ఒక గీత ఉన్నది. సంస్థ వ్యవహారాలపై అదుపు కలిగి, యాజమాన్య హోదాలో ఉండి, నెలకు సగటున 1,600 రూపాయలకు మించి పొందేవారికి ఈ చట్టం వర్తించదని 1988లో వ్రాశారు. ఆనాడు 1,600 అంటే పెద్ద జీతమే. ఈనాడు ఆఫీసు ఊడ్చే మనిషి జీతం కూడా దానికి ఎన్నో రెట్లు. అందుచేత ఇక్కడ రూపాయల గీతకు విలువ పోయి, 'నిజంగా అదుపు ఎవరి చేతిలో ఉన్నది' అనే ప్రశ్నే మిగిలింది.

2025 జూలై 5న తెలంగాణ ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. దుకాణాలు కాని వాణిజ్య సంస్థలలో రోజుకు 10 గంటల వరకు, వారానికి 48 గంటలకు మించకుండా పని చేయించుకోవచ్చునని అన్నది. అంతకు మించితే ఓవర్‌టైం ఇవ్వాలి. ఆ అదనపు గంటలు మూడు నెలలకు 144 దాటరాదు. విశ్రాంతితో కలిపి రోజులో పని 12 గంటల ఎడానికి మించరాదు.

ఇదంతా మనకెందుకు? ఒకే పాల యూనియనుకు ప్యాకింగు ప్లాంటు ఉంటుంది, నగరంలో ఆఫీసు ఉంటుంది, పల్లెల్లో సేకరణ కేంద్రాలుంటాయి. ఒకే సంస్థ మనుషులపై రెండు మూడు చట్టాలు నడుస్తాయి. ప్లాంటు లెక్కను ఆఫీసుకు, ఆఫీసు లెక్కను ప్లాంటుకు వేయరాదు.

ఇక ఏర్పాట్లు చూద్దాము.

మొదటి పని: హోదా కాదు, పని వ్రాయండి

ఒక కాగితంపై ప్రతి ఉద్యోగి పేరు వ్రాసి, ఎదురుగా ఉదయం నుండి రాత్రి వరకు అతడు చేసే పనులు వరుసగా వ్రాయండి. క్యాన్లు తూచటం, వెన్న శాతం పరీక్ష, కూలరు కడిగించటం, రిజిస్టర్లు వ్రాయటం, మనుషులకు పని పంచటం, సెలవు మంజూరు చేయటం, తప్పు చేసినవారిపై చర్యకు సిఫారసు చేయటం, ఇలా అన్నీ. ఏ పనికి ఎన్ని గంటలో కూడా వేయండి.

చాలాచోట్ల ఒక సంగతి బయటపడుతుంది. ఆర్డరులో 'సూపర్‌వైజరు' అని ఉంటుంది, కాని అతని క్రింద పనివారే ఉండరు. రోజులో ఆరు గంటలు తానే తూచి, తానే పరీక్షిస్తుంటాడు. అటువంటి వ్యక్తిని పర్యవేక్షకుడని చెప్పి నెగ్గటం కష్టం. ఆనంద్ ప్రాంతీయ నూనెగింజల ఉత్పత్తిదారుల సహకార యూనియను కేసులో సుప్రీంకోర్టు 2006లో ఈ సంగతే స్పష్టం చేసింది. పర్యవేక్షణ అంటే ఇతరులకు దారి చూపి అదుపు చేయటమనీ, పదవి పేరుకు అనవసర ప్రాధాన్యం ఇవ్వక ముఖ్యమైన పని ఏదో చూడాలనీ ఆ తీర్పు సారాంశం. ఆ సంస్థ కూడా మనవలె రైతుల సహకార సంస్థే.

రెండవ పని: గంటల పుస్తకం పెట్టండి

గీత జరిగాక గంటలు గుర్తు చేసుకోవటం సాధ్యం కాదు. ఈ నెల నుండే వచ్చిన వేళ, వెళ్ళిన వేళ వ్రాయించి ఉద్యోగి చేత సంతకం తీసుకోండి. ట్యాంకరు కోసం కేంద్రంలో కాచుకొన్న సమయం కూడా వ్రాయాలి. సంఘం పని మీద కట్టిపడవేసి ఉంచి "ఊరికే కూర్చున్నాడు" అనటం చెల్లదు. ఉదయం, సాయంత్రం రెండు పూటల సేకరణ ఉన్నచోట మధ్యలో ఇంటికి వెళ్ళే విరామాన్ని విడిగా చూపండి. చలికాలంలో ఒక నెల, వేసవిలో ఒక నెల లెక్క చేతిలో ఉంటే సంవత్సరం ఖర్చు అంచనా వేయవచ్చు.

ఈ పుస్తకం ఉద్యోగికి ఎంత అవసరమో సంఘానికి అంతకంటె ఎక్కువ అవసరం. వేతనాల కోడ్ ప్రకారం తక్కువ చెల్లించారని ఫిర్యాదు వస్తే, చెల్లించామని నిరూపించే భారం యాజమాన్యంపైనే ఉన్నది.

మూడవ పని: వేతనాన్ని కొత్త నిర్వచనం ప్రకారం విడదీయండి

కొత్త కోడ్‌లలో 'వేతనం' అంటే చేతికి వచ్చే మొత్తం కాదు. మూల వేతనం, కరువు భత్యం, ఉంటే రిటైనింగ్ భత్యం కలిపి లెక్కించాలి. ఇంటి అద్దె, ప్రయాణ భత్యం వంటివి అందులో చేరవు. అయితే అలా మినహాయించినవి మొత్తంలో సగం దాటితే, దాటిన భాగాన్ని తిరిగి వేతనంలో కలపాలి.

ఉదాహరణకు ఒక సూపర్‌వైజరు నెల మొత్తం 30,000 అనుకుందాము. మూల వేతనం, కరువు భత్యం కలిసి 15,600. భత్యాలు 14,400. భత్యాలు సగానికి, అంటే 15,000కు లోపలే ఉన్నాయి. కనుక వేతనం 15,600. అదే వేరొకరికి మూలవేతనం, కరువు భత్యం కలిసి 12,000, భత్యాలు 18,000 అనుకోండి. సగం దాటిన 3,000 తిరిగి కలపగా వేతనం 15,000 అవుతుంది.

ఇద్దరూ 30,000 తీసుకుంటున్నారు గనుక 18,000 గీతకు పైన ఉన్నారని కార్యదర్శి భావించవచ్చు. లెక్క చేసి చూస్తే ఇద్దరూ గీతకు క్రిందనే ఉన్నారు. పాత 24,000 నుండి కొత్త 18,000కు గీత దిగిందని సంతోషించిన యాజమాన్యాలు ఈ లెక్క తప్పక వేసుకోవాలి.

నాల్గవ పని: మూడు దారుల ఖర్చు లీటరు లెక్కన చూడండి

పై 15,600 వేతనం గల సూపర్‌వైజరునే తీసుకుందాము. 26 పనిదినాలతో భాగిస్తే రోజుకు 600. ఎనిమిది గంటలకు పంచితే గంటకు 75. రెట్టింపు 150. రోజుకు రెండు గంటలు అదనంగా పనిచేస్తే నెలకు 52 గంటలు. ఆ కేంద్రానికి రోజుకు 5,000 లీటర్లు వస్తున్నాయనుకుంటే నెలకు 1,50,000 లీటర్లు.

(1) ఓవర్‌టైం చెల్లించటం: నెలకు 7,800 రూపాయలు. లీటరుకు 5.2 పైసలు. ఇక్కడొక చిక్కు ఉన్నది. నెలకు 52 చొప్పున మూడు నెలలకు 156 గంటలవుతాయి. పైన చెప్పిన 144 గంటల వంటి పరిమితి ఉన్నచోట డబ్బు చెల్లించినా పరిమితి దాటినట్లే. కాబట్టి ఈ దారిలో కూడా గంటలు తగ్గించక తప్పదు.

(2) వేతనం గీత దాటేటట్లు పెంచటం: 15,600ను 18,200 చేస్తే నెలకు 2,600 అదనం. లీటరుకు సుమారు 1.7 పైసలు. చూడటానికి చవక. కాని దీనిపై ఆధారపడి గ్రాట్యుటీ వంటివి పెరుగుతాయి. అతడు నిజంగా పర్యవేక్షణ చేయకపోతే ఈ పెంపు ఓవర్‌టైం బాధ్యతను తప్పించదు. వేతనాల కోడ్ 14వ సెక్షను సంగతి పైన చెప్పుకున్నాము. రేపు గీత 20,000కో 25,000కో జరిగితే మళ్ళీ మొదటికి వస్తాము. పెంచిన జీతం తగ్గించటానికి మాత్రం వీలుండదు.

(3) పని సర్దుబాటు: సాయంత్రం ఆ రెండు గంటలకు మరొకరిని పెట్టి, గంటకు 75 చొప్పున ఇచ్చినా నెలకు 3,900. లీటరుకు 2.6 పైసలు. కనీస వేతనం తగ్గకుండా చూసుకోవాలి. శిక్షణ ఇవ్వాలి, తాళాలు, రిజిస్టర్ల బాధ్యత పంచాలి. దీనివల్ల ఒక మనిషి రాత్రిపూట ఇంటికి వెళ్ళగలుగుతాడు. ఒకరికి జ్వరం వచ్చినా పాలు ఆగవు.

ఏ దారి మంచిదో కేంద్రాన్నిబట్టి ఉంటుంది. చలికాలం మూడు నెలలే అదనపు పని ఉంటే ఓవర్‌టైం ఇవ్వటం మేలు. సంవత్సరమంతా ఉంటే మనిషిని పెంచటం మేలు. కేవలం గీత దాటించటానికి జీతం పెంచే దారి అన్నిటికంటె బలహీనమైనది.

నాల్గవ దారి ఒకటి ఉన్నది, అది చెల్లించకుండా ఊరుకోవటం. దాని లెక్క కూడా చూడండి. వేతనాల కోడ్ క్రింద మూడు సంవత్సరాల వరకు ఫిర్యాదు చేయవచ్చు. 7,800 చొప్పున 36 నెలలకు 2,80,800 రూపాయలు. ఇది ఒక్క మనిషిది. బకాయికి పది రెట్ల వరకు పరిహారం విధించే అధికారం కూడా అధికారికి ఉన్నది. 300 మంది సభ్యులున్న సంఘంలో అసలు బకాయే తలకు 936 రూపాయలు. సంవత్సరాంతంలో మనకు రావలసిన బోనసులోనుండి అది పోతుంది. ఈ నష్టం పాలు పోసిన రైతుది. నిర్ణయం వాయిదా వేసిన పాలకవర్గం అప్పటికి మారిపోయి కూడా ఉండవచ్చు.

అయిదవ పని: తొందరపడి మాట ఇవ్వకండి, తీర్మానం సిద్ధంగా ఉంచండి

గీత మారుతుందన్న వార్త వేరు, మారటం వేరు. అమెరికాలో జరిగిన ఉదంతం దీనికి మంచి పాఠం. మన తెలుగువారి పిల్లలు చాలామంది అక్కడ ఉద్యోగాలలో ఉన్నారు గనుక కొందరు విని ఉంటారు. అక్కడ ఆఫీసు, పర్యవేక్షణ ఉద్యోగాలలో ఓవర్‌టైం మినహాయింపుకు వారానికి 684 డాలర్ల జీతం గీతగా ఉండేది. 2024లో ప్రభుత్వం కొత్త నియమం తెచ్చి, జూలై 1 నుండి 844కు, 2025 జనవరి 1 నుండి 1,128కు పెంచుతామన్నది. మొదటి పెంపు అమలైంది. నవంబరు 15న టెక్సాస్‌లోని ఫెడరల్ కోర్టు ఆ నియమాన్ని కొట్టివేసింది. గీత తిరిగి 684కు వచ్చింది. అప్పటికే జీతాలు పెంచినవారికి వెనక్కు తగ్గటం ఇబ్బంది అయింది. గంటలు లెక్కించి, రెండు రకాల అంచనాలు వేసి, తేదీ ఖాయమయ్యాక అమలు చేద్దామని ఆగినవారికి ఆ ఇబ్బంది రాలేదు.

మనం కూడా అదే చేద్దాము. "గీత 18,000 ఉంటే ఈ పద్ధతి, 25,000 అయితే ఆ పద్ధతి" అని రెండు పట్టికలు వేసి, పాలకవర్గం ముందు పెట్టి, మినిట్స్‌లో వ్రాయించండి. నోటిఫికేషను తేదీ తెలిసిన వెంటనే అమలు చేయవచ్చు. అయితే ఇప్పటికే చట్టప్రకారం ఇవ్వవలసినదానికి ఈ ఆగటం వర్తించదు. అది ఈ నెల జీతంతోనే ఇవ్వాలి.

ఉద్యోగిని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టి చెప్పటం మరువవద్దు. ఇన్నాళ్ళు 'సూపర్‌వైజరు గారు' అనిపించుకున్న మనిషికి గంటల పుస్తకంలో సంతకం పెట్టమంటే హోదా తగ్గించినట్లు తోచవచ్చు. హోదా అలాగే ఉంటుందనీ, అతని శ్రమకు లెక్క ఉండాలని మాత్రమే వ్రాస్తున్నామనీ అధ్యక్షులే స్వయంగా చెప్పాలి. అదనపు పనికి అతని సమ్మతి కాగితంపై తీసుకోవాలి.

సందేహం వస్తే ఎక్కడికి వెళ్ళాలి?

రాష్ట్రంలోని సహకార సంఘాల విషయాలు చూసేది రాష్ట్ర కార్మిక శాఖ. హైదరాబాదులో ఆర్.టి.సి. క్రాస్ రోడ్స్ వద్ద టి. అంజయ్య కార్మిక సంక్షేమ భవనంలో కార్మిక కమిషనరు కార్యాలయం ఉన్నది. ఆల్విన్ ఫ్యాక్టరీలో కార్మికుడుగా జీవితం ప్రారంభించి ముఖ్యమంత్రి అయిన అంజయ్య గారి పేరే ఆ భవనానికి పెట్టారు. విద్యానగర్ శివం రోడ్డులో ఎ.టి.ఐ. ఆవరణలో ఉన్నది కేంద్ర ప్రాంతీయ కార్మిక కమిషనరు కార్యాలయం. అది కేంద్ర ప్రభుత్వ పరిధిలోని సంస్థలకు. రెండు కార్యాలయాలూ దగ్గర దగ్గరలోనే ఉన్నందువల్ల కొత్తవారు పొరబడటం సహజం. జిల్లాలలోని సంఘాలు ముందుగా తమ జిల్లా కార్మిక శాఖాధికారిని కలవటం మంచిది. వెళ్ళేటపుడు పనుల పట్టిక, గంటల పుస్తకం, జీతాల పట్టీ మూడూ వెంట తీసుకొని వెళ్ళండి.

సంఘ సమావేశంలో చర్చకు

1. మన సంఘంలో 'సూపర్‌వైజరు', 'ఇన్‌ఛార్జి' అనే హోదా ఎవరెవరికి ఉన్నది? వారి క్రింద పనిచేసేవారు ఎందరు?

2. పోయిన చలికాలంలో ఎనిమిది గంటలు దాటి పనిచేసిన రోజులు ఎన్ని? ఆ లెక్క ఎక్కడ వ్రాసి ఉన్నది?

3. కొత్త నిర్వచనం ప్రకారం ప్రతి ఉద్యోగి వేతనం ఎంత? గీతకు పైన ఎవరు, క్రింద ఎవరు?

4. అదనపు గంటల ఖర్చు లీటరుకు ఎన్ని పైసలు? ఆ పైసలు ఇవ్వటానికి సభ్యులు సమ్మతిస్తారా, లేక పని సర్దుబాటు కోరుతారా?

పాలలో వెన్న శాతం ఒక్క పాయింటు తగ్గించి వ్రాస్తే మనం ఊరుకోము. మిషను సరిగా ఉన్నదా అని అడుగుతాము, రెండవసారి పరీక్ష చేయమంటాము. మన పాలు చెడకుండా రాత్రి కాపలా ఉన్న మనిషి గంటలను కూడా అంత జాగ్రత్తగానే కొలవాలి. ఈ నెల పాలకవర్గ సమావేశంలో గంటల పుస్తకాన్ని మొదటి అంశంగా పెట్టవలసిందిగా సభ్య సంఘాలను కోరుతున్నాము.